మూఢం వెళ్ళాక తెరిచిన పెట్టెలు

నాలుగు కంప్యూటర్లు మా లైబ్రరీకి వచ్చిన రోజున నేను చేసిన మొదటి పని సొరుగులోంచి పంచాంగం తీయడం. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం చాలా బాధ్యతగా, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని మరీ తీశాను.

మాది చిన్న శాఖా గ్రంథాలయం. కైకలూరు దాటాక కొల్లేటి అంచున, చేపల చెరువుల మధ్య ఉన్న ఊళ్ళో రెండు గదులు, ఒక వరండా. నేను ఏలూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళేవాణ్ణి. పొద్దున ఎనిమిదికి తలుపులు తీసి పదకొండుకి వేయడం, మళ్ళీ సాయంత్రం నాలుగుకి తీసి ఏడుకి వేయడం, మధ్యలో బల్ల మీద కునుకు. చివరి పదకొండేళ్ళు ఆ ఊళ్ళోనే గడిచాయి.

మా నాన్నగారు పెంటపాడులో పౌరోహిత్యం చేసేవారు. నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివి ఉద్యోగంలో పడ్డాను కాబట్టి ఆ వృత్తి నాకు అంటలేదు గానీ, పంచాంగం చూడడం మాత్రం చిన్నప్పుడే అబ్బింది. ఊళ్ళో ఆ సంగతి తెలిసిపోయింది. పుస్తకం కోసం వచ్చేవాళ్ళకంటే వర్జ్యం ఎప్పుడో కనుక్కోవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు. లైబ్రేరియన్ అనేవాడు ఒక్కడూ లేడు, అందరికీ పంతులుగారినే. నాకూ అది బాగానే ఉండేది. పుస్తకం అడిగితే లేచి బీరువా తాళం తీయాలి, వర్జ్యం అడిగితే కూర్చున్నచోటే నోరు తెరిస్తే సరిపోతుంది.

ఆ పెట్టెలు వచ్చింది ఎండాకాలంలో, పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికి. ఏలూరు నుంచి వ్యానులో తెచ్చి వరండాలో దింపి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం జిల్లా ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ ఫోను చేసింది. కొత్తగా వచ్చిన మనిషి, నా పెద్దకూతురి వయసుంటుంది.

"మాస్టారూ, అందాయాండీ? రేపే బిగించేవాణ్ణి పంపిస్తాను. పిల్లలకి కార్డులు రాసేయండి. కార్డు నంబరు కొడితే చాలు, పాఠాలన్నీ వస్తాయి. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా తెర మీద టీచర్లు కూర్చుంటారు, పిల్లలు డౌట్లు అడగొచ్చు. ఫెయిలైనవాళ్ళకి నెలాఖరులో సప్లిమెంటరీ ఉంది కదా, ముందు వాళ్ళని కూర్చోబెట్టండి."

"ప్రారంభోత్సవం ఎప్పుడండీ?" అన్నాను.

"ఎన్నికల కోడ్ నడుస్తోంది కదండీ, పెద్దవాళ్ళెవరూ రాకూడదు. సభలూ గిభలూ వద్దు. మీరే ఓ కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టేయండి."

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నేను గవర్నమెంటుని తిట్టని రోజు లేదు. ఫైలు కదలదనీ, రిపేరుకి రాస్తే జవాబు రాదనీ, వాన కురిస్తే పుస్తకాలు తడుస్తున్నాయని మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోరనీ. అలాంటి గవర్నమెంటు జీవితంలో ఒక్కసారి తొందరపడింది. అప్పుడు నేను అడ్డం పడ్డాను.

ఆ వేసవంతా మూఢం. శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వెళ్ళి ఆకాశంలో కనబడకుండా పోయే రోజులు. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. కల్యాణమండపాలకి తాళాలు, మా బంధువుల్లో పురోహితులందరూ ఇళ్ళల్లో విసనకర్రలతో. మూఢం విడిచేసరికి ఆషాఢం వస్తుంది. అదీ పోయి శ్రావణం వస్తే గానీ మంచిరోజు లేదు. నేను పెట్టెలు నాలుగూ లోపలి గదిలో గోడవారగా పేర్పించి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి, పాత దుప్పటి కప్పాను. సరస్వతి కదా, దుమ్ము పడకూడదని!

బిగించేవాడు మర్నాడు రానే వచ్చాడు. ఇంకా టైముందని వరండాలోంచే వెనక్కి పంపేశాను.

ఆ సాయంత్రమే ఆ పిల్ల వచ్చింది. పదో తరగతిలో లెక్కలు తప్పింది. మిగతావన్నీ పాసు. తండ్రి ఊరవతల చేపల చెరువుకి కాపలా ఉంటాడు, చెరువు గట్టు మీదే గుడిసె. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది తండ్రి జేబులో ఉండాలి. రాత్రీ పగలూ ఎప్పుడు నీళ్ళ మోటారు ఆగిపోయినా యజమాని ఫోను చేస్తాడు. ఆ గట్టు మీద సిగ్నలు కూడా అంతంతమాత్రమే. ఈ సంగతులన్నీ ఆ పిల్ల నాకు వరసగా చెప్పింది, దరఖాస్తులో కారణాలు రాసినట్టు.

"ఈసారి కూడా తప్పితే రొయ్యలు వలిచే షెడ్డుకి పంపేస్తానన్నాడండీ మా నాన్న. మా అమ్మ వెళ్తోందండీ ఇప్పటికే. పాసైతే మాత్రం కైకలూరులో ఇంటర్లో చేరుస్తానన్నాడండీ. కంప్యూటర్లు వచ్చాయంట కదండీ మాస్టారూ? మా సైన్సు టీచరుగారు చెప్పారండీ."

కార్డు రాసిచ్చాను. ఆ పథకం కింద రాసిన మొదటి కార్డు ఆమెదే. ఒకటో నంబరు. కార్డు చేతిలో పెట్టి, కంప్యూటర్లు మాత్రం శ్రావణంలో అని చెప్పాను.

ఆ పిల్లకి అర్థం కాలేదు. "నా పరీక్ష ఈ నెలాఖరుకేనండీ."

"మూఢమమ్మా. మూఢంలో కొత్తవి మొదలుపెట్టకూడదు."

కాస్సేపు కార్డు అటూ ఇటూ తిప్పింది. తర్వాత, ఎదురు చెప్పడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. "మా చెరువులో చేపపిల్ల వదలడానికి మూఢం చూడరండీ. మొన్ననే వదిలారండీ."

"అది వ్యాపారం. ఇది చదువు," అన్నాను.

ఎంత గొప్ప మాట అన్నాననుకున్నానో ఆ వేళ! బస్సులో ఏలూరు వచ్చేదాకా ఆ మాటని నాలో నేను రెండుసార్లు అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడ పప్పు మెదుపుతూ, తల ఎత్తకుండానే అంది: "కంప్యూటర్లకి పెళ్ళి చేస్తున్నారా ఏవండీ? చదువుకునే పిల్ల చదువుకుంటానంటే మూఢమేంటండీ మధ్యలో?"

"నీకు శాస్త్రం తెలీదు," అన్నాను.

ఆవిడకి తెలియకపోవచ్చు. నాకూ తెలియదు, అదీ అసలు సంగతి. మా నాన్నగారి దగ్గర నేను నేర్చుకున్నది సగం. ఏ రోజు ఏది చేయకూడదో కంఠతా పట్టాను. పెంటపాడులో మా అరుగు మీదకి రైతులు వచ్చి కూర్చునేవారు. మూఢంలో వచ్చి, అయ్యగారూ, నారు ముదిరిపోతోందండీ, ఊడ్పులు ఆపమంటారా అని ఎవరైనా అడిగితే, మా నాన్నగారు పంచాంగం తెరిచేవారే కాదు. "అవసరానికి మూఢం లేదురా, వెళ్ళి ఊడ్చుకో," అనేవారు. ఈ మాట నేను వందసార్లు విన్నాను. కావలసిన రోజున ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అరకొర వైద్యుడు ప్రాణం తీస్తాడంటారు. అరకొర పంతులు ఏం తీస్తాడో నన్ను చూసి చెప్పుకోవచ్చు.

ఇక్కడ ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా భక్తి వల్ల జరిగిందనుకుంటారు. భక్తి పావలా వంతు. మిగతాదంతా గొప్ప కోసం. ఇంకో ఏడాదిలో నేను రిటైరవుతాను. నా సర్వీసు మొత్తంలో నా లైబ్రరీకి కొత్తగా వచ్చింది ఆ నాలుగు పెట్టెలే. శ్రావణానికి కోడ్ పోతుంది, గెలిచిన పెద్దలు వస్తారు, షామియానా వేస్తారు, రిబ్బను కడతారు, నా మెడలో కూడా ఒక దండ పడుతుంది, మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. ఇదంతా నాకు కావాలి. ఒక కొబ్బరికాయ కొట్టేసి, ఫెయిలైన పిల్లని కూర్చోబెట్టి మొదలుపెట్టేస్తే ఆ ఫొటో ఎక్కణ్ణించి వస్తుంది? మూఢం నాకు అడ్డం రాలేదు. నేనే దాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఆఫీసరమ్మ వారంలో రెండుసార్లు ఫోను చేసింది. ఆవిడతో మూఢం అని అనలేకపోయాను, సిగ్గేసింది. చదువుకున్న మనిషి, నవ్వుతుందేమోనని. "వైరింగు అవ్వలేదండీ, ఈ ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలుసు కదండీ," అన్నాను. "పోనీ నేను మాట్లాడనా లైన్‌మేన్‌తో?" అంది. వద్దండీ, నేను చూసుకుంటానన్నాను. ఆ పిల్లకి శాస్త్రం చెప్పాను, ఆఫీసరమ్మకి కరెంటు చెప్పాను. ఇద్దరూ నమ్మారు. అబద్ధం చెప్పడానికి కూడా మనిషిని బట్టి భాష కుదరాలి, అది నాకు బాగా కుదిరింది.

ఆ పిల్ల రావడం మానలేదు. రోజూ నాలుగింటికి వచ్చి, దుప్పటి కప్పిన పెట్టెలు కనబడేలా లోపలి గది గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చునేది. ఆమెకి రానిది త్రికోణమితి. ఒక మనిషి కొండకి ఇంత దూరంలో నేల మీద నిలబడి శిఖరాన్ని చూస్తాడు, చూపు ఇంత కోణంలో ఉంది, కొండ ఎత్తెంత? ఈ లెక్క దగ్గర ఆగిపోయేది.

"ఇక్కడిదాకా వస్తోందండీ, తర్వాత ఏది దేంతో భాగించాలో తెలీట్లేదండీ. మీరొకసారి చూస్తారా మాస్టారూ?"

"నాకు లెక్కలు రావమ్మా. నేను తెలుగు."

నిజమే, నాకు రావు. కానీ నాకు నాలుగడుగుల దూరంలో, దుప్పటి కింద, లెక్కలు వచ్చినవాళ్ళు ఉన్నారు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఎక్కడో కూర్చుని, ఎవరైనా అడుగుతారేమోనని తెర వంక చూస్తున్నారు. నేను మాత్రం ఉత్తచేతులతో పంపడం బాగుండదని బీరువాలోంచి ఒక గైడు తీసిచ్చాను. ఎంతో ఉపకారం చేసినట్టు రెండు వారాల గడువు ముద్ర కూడా వేశాను. నాలుగు రోజుల తర్వాత తెచ్చి మెల్లిగా బల్ల మీద పెట్టింది. "ఇది పాత సిలబస్ అండీ. ఇందులో మాకు ఉన్నవి లేవండీ." ఆ గైడు నేను ఎప్పుడూ పేజీ తిప్పి చూసింది లేదు.

పరీక్షకి పది రోజులుందనగా తండ్రిని తీసుకొచ్చింది. అతను చెప్పులు వరండా కింద విడిచి, గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారండీ, పిల్ల గోల పెడుతోందండీ. ఒక్కటి తెరిచి చూపించడానికి కుదరదాండీ? వారం రోజులు చాలంటోందండీ. నాకేం తెలీదండీ, మీరెలా చెబితే అలాగేనండీ."

అతను ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. గట్టిగా అరిచి ఉంటే, కలెక్టరుకి అర్జీ పెడతానని బెదిరించి ఉంటే, భయపడైనా దుప్పటి తీసేవాణ్ణి. మీరెలా చెబితే అలాగే అన్నాడు. నేను పంచాంగం తెరిచి, ఆ పేజీ అతనికేసి తిప్పి, వేలు పెట్టి చూపించాను. అతనికి చదువు రాదు.

"మూఢంలో మొదలుపెడితే పిల్లకే మంచిది కాదు. ఫలితం తిరగబడుతుంది," అన్నాను.

అతను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. కూతురికేసి తిరిగి, "విన్నావు కదమ్మా, నీ మంచికే చెబుతున్నారు," అన్నాడు. ఆ పిల్ల నన్ను చూసింది, పంచాంగాన్ని చూసింది, గుమ్మంలోంచి పెట్టెల్ని చూసింది. మర్నాటినుంచి రావడం మానేసింది.

ఫలితాలు వచ్చిన రోజున కనుక్కున్నాను. మూడు మార్కులు తక్కువ. వాళ్ళ సైన్సు టీచరు రోడ్డు మీద కనిపించి చెప్పాడు. "కొండ ఎత్తు కనుక్కోమని ఎనిమిది మార్కుల లెక్క వచ్చిందండీ. వదిలేసి వచ్చిందండీ పాపం." ఆ రోజు బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడూ కొల్లేరు దాటేలోపే గురకపెట్టేవాణ్ణి.

పోనీ అప్పుడైనా పెట్టెలు తెరిచానా? లేదు. చేసిన తప్పు తప్పు కాదని నాకు నేను చెప్పుకోవాలంటే మూఢాన్ని చివరిదాకా పాటించాలి కదా. పాటించాను. వైరింగు మీద ఇంకో రెండు అబద్ధాలు ఆడి ఆషాఢం కూడా దాటించాను.

శ్రావణంలో మంచిరోజు చూసి సభ పెట్టాం. నేను అనుకున్నవన్నీ జరిగాయి. షామియానా, రిబ్బను, దండలు. ముందురోజు ఆఫీసరమ్మ ఫోను చేసి, "ఫొటోలో పిల్లలు ఉండాలండీ మాస్టారూ, మొదటి కార్డు ఎవరిదో వాళ్ళని మొదటి కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టండి, బాగుంటుంది," అంది. కార్డుల రిజిస్టరు తెరిచాను. ఒకటో నంబరు ఎవరిదో నాకు రిజిస్టరు చూడకుండానే తెలుసు.

కబురు పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పలేను. ఇంకొకరి పేరు చెప్పి తప్పించుకోవచ్చు, అబద్ధాలు నాకు కొత్త కాదు. ఒకసారైనా దాని ముందు కూర్చుంటుందని అనుకున్నానేమో. అలా అనుకోవడం కూడా నా మనశ్శాంతి కోసమే.

షెడ్డు నుంచి ఒక పూట సెలవు అడిగి వచ్చింది. పదో తరగతి పిల్ల కదా, స్కూలు యూనిఫాంలో వస్తే ఫొటోకి బాగుంటుందని ఎవరో చెప్పారట, అదే వేసుకుని వచ్చింది. నాలుగు చేతివేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. ఐసునీళ్ళలో పొద్దుటినుంచీ రొయ్యలు వలిస్తే వేళ్ళు తెల్లగా నాని చిట్లిపోతాయి. ఆ చేతులతో మొదటి కంప్యూటరు ముందు కూర్చుంది. పెద్దలు వెనకాల నిలబడ్డారు. నేను దండతో పక్కన నిలబడ్డాను. ఫొటో తీశారు. తీసేముందు ఫొటోగ్రాఫరు, "చేతులు కిందకి పెట్టమ్మా, కట్లు కనబడుతున్నాయి," అన్నాడు. పెట్టింది.

పెద్దలు టిఫినుకి వెళ్ళారు. మిగతా పిల్లలు కూడా వెళ్ళారు. ఆ పిల్ల లేవలేదు. పీలికలు చుట్టిన వేళ్ళతో మెల్లగా కార్డు నంబరు కొట్టి, పాఠాల్లో వెతికి, త్రికోణమితి తెరిచింది. తెర మీద ఒక టీచరమ్మ కొండ బొమ్మ గీసి, మనిషిని గీసి, ఇదుగో ఇది ఎదుటి భుజం, ఇది పక్క భుజం, కోణం తెలిసింది కాబట్టి దీన్ని దీంతో భాగించాలి అని చెబుతోంది. పది నిమిషాలు కూడా ఉండదు ఆ పాఠం. నేను వెనకాల నిలబడే ఉన్నాను. నాకే అర్థమైంది. లెక్కలు రాని నాకు.

పాఠం అయిపోయింది. తర్వాత అభ్యాసం ప్రశ్న వచ్చింది, కొండ ఎత్తెంత అని. పక్కనున్న సభ ఆహ్వానపత్రం వెనక్కి తిప్పి, పెన్సిలుతో రెండు గీతలు గీసి, జవాబు కొట్టింది. కరెక్టు అని ఆకుపచ్చగా వచ్చింది.

తిరిగి నాకేసి చూసింది. కోపమేమైనా ఉంటుందేమోనని వెతుక్కున్నాను. ఉంటే నాకు బాగుండేది.

"ఇంతేనా అండీ?" అంది.

మళ్ళీ ఒకసారి తెరకేసి తిరిగింది.

"ఇది అప్పుడు కూడా ఈ పెట్టెలోనే ఉందాండీ మాస్టారూ?"

"ఉందమ్మా," అన్నాను. ఆ పెట్టెల గురించి నేను ఆ పిల్లకి చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

మళ్ళీ మార్చిలో పరీక్షకి కట్టమ్మా, ఇక్కడికే వచ్చి చదువుకో అన్నాను. తల ఊపింది. షెడ్డు వ్యాను తెల్లవారకుండానే వస్తుందనీ, దింపేసరికి ఏడు దాటుతుందనీ చెప్పింది. ఏడింటికి నేను లైబ్రరీ తలుపులు వేస్తాను. వాళ్ళ నాన్న బయట ఎదురుచూస్తున్నాడు. నన్ను చూసి అలవాటు ప్రకారం దణ్ణం పెట్టాడు. "మంచి రోజు చూసే చేశారండీ అయ్యగారూ, ఎంత మంది పెద్దోళ్ళు వచ్చారో!" అన్నాడు. అతని గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. నిజంగానే సంతోషించాడు.

ఆ ఫొటో పేపర్లో వచ్చింది. మా ఆవిడ దాన్ని కత్తిరించి దాచలేదు, నేనూ అడగలేదు. రిటైరయ్యే ముందు, బాధ్యతలు అప్పగించడానికి కంప్యూటర్లలో ఎవరెవరు ఎన్నిసార్లు చూశారో వివరాలు తీసి ఇవ్వమన్నారు. తీశాను. పిల్లలు బాగానే వస్తున్నారు, రోజూ సాయంత్రం నాలుగు కుర్చీలూ నిండుతున్నాయి. ఒకటో నంబరు కార్డు ఎదురుగా మాత్రం ఒకే రోజు, ఒకే పాఠం. ఆ కాగితం మీద కూడా నేనే సంతకం పెట్టాను.